పటములోని పచ్చని గడి

ఇల్లు కొనువారు గదులెన్నియని యడుగుదురు. బోరులో నీరు పడినదా యని యడుగుదురు. వాస్తు తెలిసినవారిని వెంటబెట్టుకొని వచ్చి వాకిలి ఏ దిక్కున నున్నదో చూపింతురు. కారు నిలుపుటకు చోటున్నదా యని రెండుమారులు విచారింతురు. పిల్లలు పరుగెత్తుటకు చోటున్నదా యని యడిగినవారిని నేనింతవరకు చూడలేదు. నేనును అడుగలేదు. అడుగకుండుట యొక్కటే నా తప్పయినచో ఈ వ్యాసము వ్రాయకుందును. ఉన్న చోటును నా చేతి సంతకముతో తీసివేసితిని గనుక, అది యెట్లు జరిగినదో చెప్పి, అట్టిది మరియొకచోట జరుగకుండుటకు ఏమి చేయవలెనో విన్నవింపదలచితిని.

మేముండు భవనము నాంపల్లి రైల్వేస్టేషనునకు నడకదూరమున, ఒక గల్లీ చివర నున్నది. పూర్వమచ్చట నొక దేవిడీ యుండెడిది. దాని ఆవరణలో రెండు వేపచెట్లును, పూడిపోయిన బావి యొకటియు నుండెను. యజమాని కుటుంబము చితికిపోయిన స్థితిలో నున్నను, ఆ గేటు పగటివేళ మూయబడగా నేనెన్నడును చూడలేదు. గల్లీలోని పిల్లలమందరము అచ్చటనే చిర్రగోనె యాడితిమి, గోటీలాడితిమి. ఆడపిల్లలు ఒక మూల తొక్కుడుబిళ్ళ గీసికొనెడివారు. తెలుగువారి పిల్లలును, ఉర్దూ మాటాడువారి పిల్లలును, మరాఠీవారి పిల్లలును ఆ యాటలోనే ఒకరి మాట నొకరు నేర్చుకొంటిమి. తరువాత దేవిడీ పోయి అపార్టుమెంటు వచ్చెను. 1,200 గజముల స్థలమున అయిదంతస్తులు, ఇరువది ఫ్లాట్లు. పదేండ్ల క్రిందట మూడవ అంతస్తులో నొకటి కొంటిని. చిన్ననాడు ఆడిన నేలమీదనే ముసలితనమున కాపురముండు భాగ్యము ఎందరికి కలుగునని సంతోషించితిని. ఆ నేలమీద ఇప్పటి పిల్లలు ఎక్కడ ఆడుదురను ప్రశ్న మాత్రము నాకు తోచలేదు.

గత సంవత్సరము వేసవి సెలవులలో ఒక మధ్యాహ్నము బీరువాలోని పాత కాగితములు సర్దుచుంటిని. పదునొకండేండ్ల మా మనుమరాలు ప్రక్కన కూర్చుండి, భవనమునకు నగరపాలక సంస్థ యిచ్చిన అనుమతి పటమును నేలపై పరచి చూచుచుండెను. కొంతసేపటికి ఒకచోట వ్రేలుంచి యడిగెను.

“తాతా, ఈ ఆకుపచ్చ రంగు వేసిన గడి ఏమిటి?”

కండ్లద్దములు సవరించుకొని చూచితిని. “అది పిల్లలు ఆడుకొనే చోటమ్మా.”

“మన బిల్డింగులోనా? ఎక్కడుంది? నేనెప్పుడూ చూడలేదే!”

నాకు సమాధానము తెలియును. తెలిసియు వెంటనే చెప్పలేకపోయితిని. ఆ పిల్ల టేపు తెచ్చెను. ఇరువురమును క్రిందికి దిగితిమి. రెండవ కొన పట్టుకొనుటకు వాచ్‌మను కూతురు వచ్చెను. వెనుక గోడ మొదలుకొని కొలువగా, పటములో నున్నట్లే పొడవు ముప్పది అడుగులు, వెడల్పు పదునెనిమిది అడుగులు. ఆ పచ్చని గడిలో నాలుగు కార్లు వరుసగా నిలిచియుండెను. మూడవది నాది.

మనుమరాలు కారును చూచెను, పటమును చూచెను, తరువాత నన్ను చూచెను. “అయితే తాతా, మన బదులు నీ కారు ఆడుకుంటోందన్నమాట” అని నవ్వెను. వాచ్‌మను కూతురు నవ్వలేదు. తన నవ్వు నాకు కోపము తెప్పించునేమో యని తండ్రివైపు చూచెను.

ఆ నాలుగు కార్లు ఆ చోటికెట్లు వచ్చినవో చెప్పెదను. ఫ్లాట్లు ఇరువది, స్తంభముల నడుమ బండ్లు నిలుపు చోట్లు పదునారు. నలుగురికి చోటు లేదు. ఏడేండ్ల క్రిందట సంఘము సమావేశమైనప్పుడు ఆ నలుగురును మొరపెట్టుకొనిరి. వారిలో నేనొకడను, సంఘమునకు అధ్యక్షుడనును నేనే. “వెనుకనున్న ఖాళీ చోటు ఊరకనే పడియున్నది, పబ్లిక్ గార్డెన్సు దగ్గరనే యున్నది, పిల్లలు అచ్చట ఆడుకొందురు” అని ఒకరనిరి. చేతులెత్తుడనగా అందరును ఎత్తిరి. నేను సంతకము చేసితిని. తరువాతి సంవత్సరము ఒకరి కారద్దము బంతి తగిలి పగిలినది. “ఈ ఆవరణమున బంతియాట నిషిద్ధము” అని గోడపై బోర్డు పెట్టించితిమి. ముప్పదియేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడను. ఆ వాక్యము నా రచనయే.

మనుమరాలు పటము చూచిన రాత్రి నా భార్య అన్నమాట నేను మరువజాలను. “ఏమండీ, అద్దం పగిలితే రెండు వేలు ఖర్చయిందని బోర్డు పెట్టించారు. మొన్న పిల్లకి కళ్ళజోడు వచ్చింది. రోజూ రెండు గంటలైనా ఆరుబయట ఆడనివ్వండని డాక్టరుగారు చెప్పారు. దానికి ఏ బోర్డూ పెట్టలేదేం?” ఆరుబయటి వెలుతురులో ఆడు పిల్లలకు హ్రస్వదృష్టి తక్కువగా వచ్చునని వైద్యశాస్త్రము నేడు చెప్పుచున్నది. మా పిల్ల చూపు నాలుగు గోడల నడుమ తిరిగి తిరిగి, దూరమును చూచుట మరచెను.

ఈ విషయమున ప్రభుత్వ నిబంధన యేమని నేను విచారించితిని. 2012వ సంవత్సరము ఏప్రిలులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించిన భవననిర్మాణ నిబంధనలలో, 750 చదరపు మీటర్లకు మించిన స్థలమున కట్టువారు, చుట్టును విడువవలసిన ఖాళీగాక, నూటికి 5 వంతులు పిల్లల యాటకును పచ్చదనమునకును విడువవలెనని యున్నది. పెద్ద గృహసముదాయములలో అది నూటికి 10 వంతులు. నూరు ఇండ్లకు మించినచో, కట్టడపు వైశాల్యములో నూటికి 3 వంతులు గాని, 50,000 చదరపు అడుగులు గాని, రెంటిలో ఏది తక్కువయో దానిని సమావేశమందిరము, వ్యాయామశాల మొదలగు సామాన్య వసతులకు వినియోగింపవలెను. మా 1,200 గజములలో నూటికి 5 వంతులనగా 60 గజములు. మనుమరాలు కొలిచిన చోటు సరిగా అంతయే. కాబట్టి మా విషయమున శాసనము తన పని చేసినది. గీత గీసిన యింజనీరు తన పని చేసెను. చెడగొట్టినవారము అందు కాపురమున్న మేమే.

అయినను శాసనమున లోపము లేదని చెప్పరాదు. ఆ నిబంధనల ప్రకారము ఆటచోటు చూపనివారికి విధించు శిక్ష, అది చూపువరకు ఏటేట ఆస్తిపన్నుపై నూటికి 10 వంతులు అదనముగా వసూలు చేయుట. నాలుగు కార్లకు చోటు అద్దెకు తీసికొన్నచో ఏడాదికి ఎంతయగునో, ఇరువదిమందిపై పంచిన ఆ యదనపు పన్ను ఎంతయగునో లెక్కించి చూడుడు. శిక్ష అద్దెకంటె చవుకయైనప్పుడు అది శిక్షగా నుండదు, అద్దెగా మారును. పిల్లల చోటును మనము ఏటేట ప్రభుత్వమువద్ద చవుకగా కౌలుకు తీసికొన్నట్లగును. మరియొకటి. ఆ చోటు మూడు మీటర్ల వెడల్పుండిన చాలునని, ఒకటికంటె నెక్కువ ముక్కలుగ నుండవచ్చునని నిబంధన. మూడు మీటర్ల పట్టీలో గడ్డి పెంచవచ్చును, కుండీలు పెట్టవచ్చును. నలుగురు పిల్లలు కబడ్డీ కూత పెట్టుటకు చాలదు.

మా నాంపల్లికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమున వేలకొలది ప్రాణములను బలిగొన్న పిమ్మట, నగరమును తిరిగి కట్టవలెనను ఆలోచన పుట్టెను. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ఇరుకు వాడలను తొలగించుట, రోడ్లు వెడల్పు చేయుట, మురుగుకాలువలు త్రవ్వుట, గాలియు వెలుతురును గల క్రొత్త యిండ్లు కట్టుట, తోటలు వేయుట దాని పనులు. అది తొలినాళ్ళలో చేయిపెట్టిన వాడలలో నాంపల్లి యొకటి. ఆ మండలి బాధ్యతలను 1960లో గృహనిర్మాణ మండలి స్వీకరించెను. మొజంజాహీ మార్కెట్టు దారిలోని గృహకల్ప భవనము ఆ మండలి పేరుతోనే నగరవాసులకు పరిచితము.

ఇండ్లను గూర్చి అప్పటివారు పడిన విచారమును నేను తక్కువ చేయను. అయితే 1914లో మనదేశమునకు వచ్చి అనేక నగరములు తిరిగిచూచిన పాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు పండితుడు, ఇట్టి మండలులు వాడలను సమూలముగా పడగొట్టు పద్ధతిని తీవ్రముగా ఆక్షేపించెను. అవసరమైనంతవరకే తీసివేసి, అచ్చటచ్చట మిగులు చిన్న చిన్న ఖాళీలను చెట్లనీడ గల ముంగిళ్ళుగ చేసి, ఆ వాడవారికే విడువవలెనని ఆయన మతము. పెద్ద ఉద్యానవనము నగరమున కలంకారము. ఇంటిముందరి చిన్న ఖాళీ యైతే తల్లి వంటయింటి కిటికీనుండి బిడ్డను కనిపెట్టు చోటు. మా దేవిడీ ఆవరణ అట్టి ముంగిలియే. దానికి ఏ నిబంధనయు లేకుండెను. తెరచిన గేటు మాత్రముండెను.

“పబ్లిక్ గార్డెన్సు దగ్గరనే యున్నది గదా” అను మాటకు సమాధానము చెప్పవలసియున్నది. ఆ తోట మా నాంపల్లికి గర్వకారణము. దాని పాతపేరు బాగె ఆం, అనగా అందరి తోట. 1938లో నుమాయిష్ అను ప్రదర్శన మొదట జరిగినది అచ్చటనే. జనము పెరిగి తోట చాలనందున 1946లో దానిని ఇప్పటి ఎగ్జిబిషను మైదానమునకు మార్చిరి. ఏడాదికొకమారు వచ్చు వేడుకకు విడిగా మైదానము కావలెనని గుర్తించిన నగరము, ప్రతిదినము సాయంకాలము వచ్చు వేడుకకు చోటు కావలెనని గుర్తింపవలదా? తోట మాకు పావుగంట నడకయే. కాని పిల్లల దూరమును గజములతో కొలువరాదు. దాటవలసిన రోడ్లతో కొలువవలెను. బస్సులును ఆటోలును ఎడతెగక పోవు రోడ్డును తొమ్మిదేండ్ల పిల్ల ఒంటరిగా దాటజాలదు. దాటగలిగిన వయసు వచ్చునప్పటికి, చీకటిపడు వేళ ఆడపిల్లనంత దూరము పంపుటకు తల్లికి మనసొప్పదు. చోటు దూరమైనకొలది ముందుగా ఆట మానుకొనునది ఆడపిల్లయే. తరువాత మానునది పేదవాని బిడ్డ.

సైనా నెహ్వాల్ చిన్ననాడు బాడ్మింటను నేర్చినది మా ఆబిడ్సు చెంతనున్న లాల్ బహదూర్ స్టేడియములో. ఆమె 2012 లండను ఒలింపిక్సులో కాంస్యపతకము గెలిచినప్పుడు మా గల్లీలో మిఠాయిలు పంచిరి. ఆ పతకము వెనుక, నగరపు శివారునుండి తెల్లవారకమున్నే కూతురిని స్కూటరుపై కూర్చుండబెట్టుకొని తెచ్చిన తండ్రి యొకడున్నాడు. అట్టి తండ్రికి నమస్కరింపవలసినదే. అయితే ప్రతి బిడ్డకును అట్టి తండ్రి, స్కూటరు, తీరిక ఉండవు. ప్రజల సొమ్ముతో కట్టిన స్టేడియము పతకములు తెచ్చు కొందరికి ఉపకరించును. మిగిలిన లక్షలమందికి పతకము అక్కరలేదు. సాయంకాలము అలసిపోవునట్లు పరుగెత్తి, ఆకలితో ఇంటికి వచ్చు చోటు కావలెను.

నగరమునకు పడమట పెద్ద సముదాయములు లేచినవి. అందొకదానిలో మా బంధువు లున్నారు. చూడబోతిని. ఈతకొలను, బాడ్మింటను కోర్టులు, వ్యాయామశాల అన్నియు గలవు, శుభ్రముగా నున్నవి. సంతోషించితిని. తిరిగివచ్చునప్పుడు, అద్దపు గోడకు నుదురానించి లోపలి యాట చూచుచున్న బాలుడొకడు కనబడెను. ఆ యిండ్లలో పాత్రలు తోము స్త్రీ కుమారుడట. లోనికి పోవుటకు వానికి కార్డు లేదు. ఆ నేల సముదాయమునకు ముందు ఊరి పొలమో, బయలో అయియుండును. అప్పుడు వానివంటివారు అందు అడ్డములేక తిరిగియుందురు. కొందరికి వసతి కల్పించునప్పుడు ఇతరులకున్న చోటును మూసివేయుట అభివృద్ధి యగునా? ఆటస్థలమునకు గోడ కట్టినంతనే అది ఆస్తిగా మారుచున్నది.

మరి చేయవలసిన దేమి? నా తలపున కందిన నాలుగు మాటలు చెప్పెదను.

ఆటచోటు నూటికింత యని చెప్పుట చాలదు. అది ఒక్కటిగా, చదరముగా, కిటికీలనుండి కనబడునట్లుండవలెను. మొదటి కుటుంబము పాలు పొంగించుటకు ముందే అది సిద్ధమై యుండవలెను. లేనిచో కాపురమునకు అనుమతి యీయరాదు. మా గల్లీవంటి పాత వాడలలో పది భవనములు విడిగా 60 గజముల చొప్పున గడ్డిపట్టీలు విడుచుటకు బదులు, ఆ బాధ్యతను కలిపి ఒక్కచోట 600 గజములు సంపాదించి గల్లీకంతకు విడుచు మార్గమును శాసనము కల్పింపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది నాలుగవది. ఒకమారు ఆటకు విడిచిన చోటును సభలో ఓట్లతో మార్చు అధికారము సంఘమునకుండరాదు; అందరును చేతులెత్తినను ఉండరాదు.

ఈ నాలుగవమాట కొందరికి కఠినముగ తోచవచ్చును. మా స్థలము, మా డబ్బు, మా ఓటు, ఇతరులకేమి యని యడుగవచ్చును. మా సభలో చేతులెత్తిన ఇరువదిమందిలో పదేండ్లలోపు వారొక్కరును లేరు. ఆ చోటు ఎవరిదో వారిని మేమడుగలేదు. అప్పటికి పుట్టనివారి నడుగుట సాధ్యమే కాదు. తనది కానిదానిని ఓటు వేసి పంచుకొనుటకు ఎంతటి సభకును హక్కు లేదు. 1991లో సుప్రీంకోర్టు, బెంగుళూరులో పార్కునకని విడిచిన చోటును ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించిన ఉత్తర్వును చెల్లదని త్రోసివేసెను. ఆసుపత్రి చెడ్డదని గాదు. ప్రజలందరికి విడిచినదానిని అధికారులు ఒకరికి ధారపోయరాదని. అధికారులకు చెల్లనిది అధ్యక్షుడనైన నాకు చెల్లునా? 2016 నాటి స్థిరాస్తి చట్టము పార్కులను, ఆటస్థలములను అందరి ఉమ్మడి భాగములలో చేర్చినది. ఉమ్మడియనగా పెద్దల ఉమ్మడియే గాదని మనము తెలిసికొనవలెను.

1925లో ఇంగ్లండున ఆటస్థలముల రక్షణకై జాతీయ సంఘమొకటి వెలసెను. ఇండ్లు పెరుగుచుండగా ఆటస్థలములు హరించిపోవుచున్నవని వారు భయపడిరి. జనసంఖ్యనుబట్టి ఇన్ని యెకరముల ఆటనేల యుండవలెనని వారు ఒక కొలత నిర్ణయించి, దానిని నగరపాలకులముందు పెట్టుచు వచ్చిరి. నూరేండ్లనాటి యా భయము మనకిప్పుడు వచ్చినను ఆలస్యమైనదని ఊరకుండరాదు.

ఇక మా యింటి సంగతి. మరుసటి నెల సభలో ఆ పటమును బల్లపై పరచితిని. ఏడేండ్లనాటి తీర్మానమును చదివి, అది నా తప్పని చెప్పి, దానిని రద్దు చేయుడని కోరితిని. ఒకరు లేచి, “మాస్టారూ, మీరు చెప్పేది బాగుంది. మరి మీ కారెక్కడ పెడతారు?” అని యడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఆ ఉదయమే కారును నెలకింతయని యద్దెయిచ్చి స్టేషను దగ్గరి యొక ఆవరణలో నిలిపి వచ్చితినని చెప్పితిని. సభ కొంతసేపు మౌనముగ నుండెను. నలుగురిలో మరొకరు అప్పుడే ఒప్పుకొనిరి. మూడవవారు నెల గడువడిగి, మాట నిలుపుకొనిరి. నాలుగవవారు ఒప్పుకొనలేదు.

అంతకంటె కష్టమైన చర్చ వేరొకటి వచ్చినది. ఆ చోట ఎవరి పిల్లలు ఆడవచ్చును? “ఫ్లాటు యజమానుల పిల్లలు” అని వ్రాయవలెనని కొందరు పట్టుపట్టిరి. “ఈ ఆవరణమున నివసించు పిల్లలందరు” అని వ్రాయవలెనని నేనంటిని. సభ జరుగుచుండగా వాచ్‌మను భార్య టీ కప్పులు తీసికొని వచ్చి నావద్ద మెల్లగా, “సారూ, మా పిల్ల ఆడితే ఎవ్వలన్న ఏమన్న అంటరా?” అని యడిగెను. ఆ ప్రశ్న అందరికిని వినబడినది. ఓట్లు లెక్కించగా పదునొకరు నా మాటకు, ఏడుగురు మొదటి మాటకు, ఇద్దరు తటస్థులు. ఓట్లతో నిర్ణయింపరాని విషయమని ఇంతసేపు చెప్పిన నేనే ఆ పదునొకరిని లెక్కించునప్పుడు గుండె చిక్కబట్టుకొని కూర్చుంటిని. నాలుగు ఓట్లు ఇటుగాక అటు పడియుండినచో ఏమగునో! అందుచేతనే అది శాసనముగ నుండవలెనని వేడుచున్నాను.

బోర్డు తీయించితిమి. నాలుగవ కారు ఇంకను అచ్చటనే యున్నది. మిగిలిన ఇరువదిరెండున్నర అడుగుల మేర సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గడులు గీసియుండును. మా మనుమరాలును, వాచ్‌మను కూతురును, రెండవ అంతస్తు పిల్లలును సాయంకాలమున అచ్చట గొడవపడుచుందురు. ఆ గొడవ మూడవ అంతస్తువరకు వినబడును. మధ్యాహ్నపు నిద్ర చెడుచున్నదని నా భార్యతో అనబోయి మానుకొంటిని.

చదువరులారా, మీరుండు భవనపు అనుమతి పటము ఏ బీరువా అడుగుననో, ఏ కార్యదర్శి యింటనో యుండును. దానిని తీసి, పచ్చని గడిని వెదకి, టేపు చేతబట్టుకొని మెట్లు దిగుడు. రెండవ కొన పట్టుకొనుటకు ఎవరి పిల్లలైనను వత్తురు.